బీడంతా వయ్యారిభామే!

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు నాలుగెకరాల ఎర్రనేల బీడుంది, ఆవులు అందులోనే మేస్తాయి. ఈసారి వానలకి గడ్డి కంటే వయ్యారిభామ (పార్థీనియం) కలుపే ఎక్కువ మొలిచింది. మందు కొట్టేయాలా?
– ఒక పాడిరైతు, విశాఖపట్నం

జవాబు: మందు సంగతి తర్వాత చూద్దామండీ. ముందు పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకించండి, ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. గ్లౌజులు తప్పనిసరి, లేదంటే ఒళ్లంతా దురదలే. ఆవులు తింటే పాలు చేదెక్కుతాయి. ఆకుల మీద తెల్లటి ఒంటికి గోధుమ చారలున్న చిన్న పెంకుపురుగులు కనిపిస్తే చంపకండి, అవి ఈ కలుపునే తినే మెక్సికన్ పురుగులు. అసలు తంటా ఏంటంటే, ఏడాది పొడవునా ఒకేచోట మేపితే గడ్డి చచ్చి నేల బోసిపోతుంది, కలుపుకి అంతకంటే ఏం కావాలి? బీడుని మడులుగా విడగొట్టి మార్చి మార్చి మేపండి. పీకిన చోట స్టైలో అనే పప్పుజాతి పశుగ్రాసం విత్తనం చల్లండి, వర్షాధార ఎర్రనేలకి బాగా సరిపోతుంది. కాకపోతే విత్తనాన్ని 80 డిగ్రీల వేడినీళ్లలో 4–5 నిమిషాలు ఉంచి చల్లకపోతే సరిగా మొలవదు.