ఫ్రేము సరైనదే, ప్రింటే తప్పు

ప్రశ్న: అమ్మానాన్నల షష్టిపూర్తికి ఫోన్‌లో అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోను స్టూడియోలో 12x18 సైజులో ప్రింటు వేయించాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన 12x16 ఫ్రేములో అది పట్టడం లేదు. పైగా వెనక వరసలో ఇద్దరి తలలు తెగిపోయాయి. 12x18 ఫ్రేము మళ్లీ కొనాలా? స్టూడియోవాళ్లు నా ఫోన్‌తో వాట్సాప్ వెబ్ పెట్టుకుని ఫొటో దించుకున్నారు.
– ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కొనకండి. మీరు తెప్పించిన ఫ్రేమే మీ ఫొటోకు సరైన కొలత.

అయితే ఫ్రేము సంగతి తర్వాత. ముందు ఫోన్ తీసి, వాట్సాప్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి (ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో) ‘లింక్డ్ డివైసెస్’ తెరవండి. అక్కడ స్టూడియో కంప్యూటర్ ఇంకా కనిపిస్తుంటే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. ఆ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు వెళ్లింది ఒక్క ఫొటో కాదు, మీ చాట్‌లు కూడా వెళ్లాయి. ఇంటికొచ్చి ఫోన్ ఆపేసినా ఆ కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచే ఉంటుంది. మీ ఫోన్‌ను వరసగా 14 రోజులకు పైగా వాడకపోతే దానంతటది లాగౌట్ అవుతుంది. రోజూ ఫోన్ వాడేవాళ్లు ఆ గడువును నమ్ముకోలేరు.

ఆ మధ్య పాస్‌పోర్టు ఫొటో కోసం ఒక స్టూడియోకు వెళ్లాను. కౌంటర్ మీది మానిటర్‌లో ఎవరిదో వాట్సాప్ తెరిచి ఉంది. ఇంట్లోవాళ్ల చాట్, దాని కింద ఆధార్ కార్డు ఫొటో, ఆ కింద బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఆ మనిషి ప్రింటు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. అక్కడున్న కుర్రాడిని అడిగితే ‘మళ్లీ వస్తారు కదా సార్, అందుకే ఉంచాం’ అన్నాడు. అతని మనసులో ఏ దురుద్దేశమూ లేదు. కానీ ఆ కుర్చీలో రేపు ఇంకెవరు కూర్చుంటారో అతనికీ తెలియదు. మీ పేరుతో మీ అన్నయ్యకు ‘అర్జంటుగా ఐదు వేలు పంపు’ అని మెసేజ్ పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. వారానికి ఒకటైనా ఇలాంటి ఉత్తరం వస్తోంది. దయచేసి ఏ షాపులోనూ మీ వాట్సాప్‌ను లింక్ చేయకండి.

ఇక కొలతలు. ఫోన్ కెమెరా మామూలుగా 4:3 నిష్పత్తిలో ఫొటో తీస్తుంది. 12x16 కూడా అదే లెక్క. 12x18 మాత్రం 3:2. అది 35 ఎం.ఎం. ఫిల్ము నాటి నుంచి వస్తున్న కొలత, పెద్ద కెమెరాలతో తీసే పెళ్లి ఫొటోలకు సరిపోతుంది. మీ ఫొటోను 18 అంగుళాల పొడవుకు పెంచితే ఎత్తు పదమూడున్నర అంగుళాలు అవుతుంది. కాగితం ఎత్తు పన్నెండే. మిగతా అంగుళంన్నరలో ఆ ఇద్దరి తలలూ పోయాయి. ఇది ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన పని. కాగితం నిండేలా ఫొటోను దానంతటదే కత్తిరించేస్తుంది, ఏం పోతోందో ఒక్క మాట అడగదు. మనుషుల ముఖాలున్న ఫొటోను అడగకుండా కోసే సెట్టింగ్‌ను డిఫాల్ట్‌గా పెట్టినవాళ్ల మీద నాకు నిజంగా కోపం. కొన్ని ఫోన్లలో ఉండే ‘ఫుల్’ మోడ్ కూడా అంతే. స్క్రీన్ నిండా అందంగా కనిపించడానికి, తీసేటప్పుడే రెండు అంచులు కోసేస్తుంది. పటం కట్టించాలనుకునే ఫొటోను 4:3లోనే తీయండి.

ఎ4 ఫ్రేము కొని అందులో 8x12 ప్రింటు పట్టలేదని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రింటు ఎ4 కంటే పొడవులో దాదాపు 8 మిల్లీమీటర్లు ఎక్కువ, వెడల్పులో 7 తక్కువ. అటు పట్టదు, ఇటు సందు వస్తుంది.

మీ ఒరిజినల్ ఫొటోను 12x16లో మళ్లీ వేయించండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే స్టూడియో నంబరుకు మీరే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫొటో సుమారు 1600 పిక్సెళ్ల పొడవుకు కుదించుకుపోతుంది. 16 అంగుళాల ప్రింటులో అంగుళానికి వందే పడతాయి, ముఖాలు మసకబారతాయి. 12 మెగాపిక్సెల్ ఒరిజినల్ అయితే 250 పడతాయి. డాక్యుమెంట్‌లో ఫొటో తీసిన చోటు వివరం కూడా వెళ్తుంది. ఇంట్లో తీసిన ఫొటో అయితే గ్యాలరీలో లొకేషన్ తీసేసి పంపండి. ప్రింటు కొట్టేముందు స్క్రీన్ మీద నాలుగు అంచులూ చూపించమనండి.

ఫ్రేము అంచు లోపలికి వంగి నాలుగు వైపులా దాదాపు పావు అంగుళం ఫొటోను కప్పేస్తుంది. అంచున ఎవరైనా నిల్చుని ఉంటే చుట్టూ సన్నటి తెల్ల బోర్డర్ వదిలి వేయమనండి. అద్దానికీ ఫొటోకూ మధ్య మౌంట్ బోర్డు (ఫొటో కనిపించేలా మధ్యలో కోసిన మందపాటి అట్ట) పెట్టిస్తే వానాకాలంలో ఫొటో అద్దానికి అతుక్కోదు. ఊళ్లో పటాలు కట్టేవాళ్లు ఆ పని చేసిపెడతారు.

చేతిలో ఉన్న 12x18 ప్రింటును మాత్రం కత్తిరించి ఆ ఫ్రేములో ఇరికించకండి. ఇప్పటికే తలలు పోయాయి, అప్పుడు రెండు పక్కలా చెరో అంగుళం పోయి చివర నిల్చున్నవాళ్లు కూడా సగమే మిగులుతారు.