బాయిలర్ పొగలో గంధకం: ధూళి వడపోత ఎందుకు చాలదు?

ప్రశ్న: మా కర్మాగారంలోని బొగ్గు బాయిలర్‌కు బ్యాగ్ ఫిల్టర్ (పొగను గుడ్డ సంచుల గుండా వడగట్టే పరికరం) ఉన్నా, పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిని మించుతోంది. కడిగిన బొగ్గు వాడితే సరిపోతుందా?

జవాబు: బ్యాగ్ ఫిల్టర్ ధూళిని ఆపుతుందే గాని వాయువును ఆపలేదు. బొగ్గులోని ఒక కిలో గంధకం పూర్తిగా మండితే సుమారు 2 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. కడగడం వల్ల పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) రూపంలోని గంధకం కొంత తొలగుతుంది. బొగ్గు అణువులతో రసాయనికంగా పెనవేసుకున్న గంధకం మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి ముందుగా మీ బొగ్గులో ఈ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో పరీక్ష చేయించండి.

మీది ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ (కింది నుంచి ఊదే గాలికి తేలియాడే రేణువుల పొరలో బొగ్గు మండే రకం) అయితే పని సులువు: సుమారు 850 డిగ్రీల సెల్సియస్ వద్ద మండే ఆ పొరలోనే సున్నపురాయి పొడిని కలిపితే, అది సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టుకుని కాల్షియం సల్ఫేటుగా మారి బూడిదతో పాటు బయటికి వస్తుంది. ఇతర రకాలైతే, ఫిల్టర్‌కు ముందు పొగ సాగే నాళంలోకి పొడి సున్నాన్ని గాని సోడియం బైకార్బనేటును గాని చిమ్మడం మేలని నా అభిప్రాయం; సంచులపై పేరుకున్న పొర గుండా పొగ సాగుతున్నంతసేపూ చర్య కొనసాగుతుంది కనుక, మీకున్న ఫిల్టరే ఇక్కడ రెండో పనికీ అక్కరకు వస్తుంది. 90 శాతానికి మించి తొలగించాలంటే తడి స్క్రబ్బర్ (పొగను ద్రవంతో కడిగే పరికరం) వైపు చూడాలి, అయితే దానికి నీరు, తుప్పు పట్టని లోహం, మురుగునీటి శుద్ధి తప్పవు. పొగగొట్టం ఎత్తు పెంచడం వాయువును దూరంగా చెదరగొడుతుందే తప్ప తగ్గించదు.