రాబర్ట్ హారిస్ రాసిన ‘ఇంపీరియం’ నవలలో నిజమెంత?

చాలావరకు నిజమే. 2006లో వచ్చిన ఈ నవలలో కథ చెప్పేది టీరో. ప్రాచీన రోమ్ వక్త, రాజకీయ నాయకుడు సిసిరో దగ్గర బానిసగా, కార్యదర్శిగా ఉన్న టీరో నిజంగా ఉన్న మనిషి. యజమాని జీవితచరిత్ర కూడా రాశాడు, అది మనకు దక్కలేదు. ఆ లోటునే హారిస్ కల్పనతో పూరించాడు. కాబట్టి గదుల్లో జరిగే సంభాషణలను చరిత్ర అనుకోకండి.

నాకు బాగా నచ్చింది వెర్రెస్ కేసు. సిసిలీని దోచుకున్న గవర్నర్ అతను. గావియస్ అనే రోమన్ పౌరుణ్ణి, ఇటలీ తీరం కనిపించే చోట కావాలనే శిలువ వేయించాడని అతనిపై కేసు వాదించిన సిసిరో ఆరోపణ. క్రీ.పూ. 70లో విచారణ. వెర్రెస్ లాయర్ హోర్టెన్సియస్ మరుసటి ఏడాదికి రోమ్‌లో అత్యున్నత పదవి అయిన కాన్సుల్‌గా అప్పటికే ఎన్నికయ్యాడు. కేసును అప్పటిదాకా సాగదీయాలని వాళ్ల ఎత్తు. సిసిరో సుదీర్ఘ ప్రసంగం మానేసి నేరుగా సాక్షులను దించాడు. వెర్రెస్ తీర్పు రాకముందే రోమ్ వదిలి పారిపోయాడు. ఇదంతా చరిత్రే.

పూర్వీకుల్లో ఒక్క సెనేటరూ లేని సిసిరో 42 ఏళ్లకే కాన్సుల్‌గా గెలవడంతో నవల ముగుస్తుంది. ఇంపీరియం అంటే ఆ పదవితో వచ్చే అధికారమే.