ఫ్యూజన్‌లో (ఆటోడెస్క్ వారి 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్) పెట్టె మూత తెరుచుకోవాలంటే ఏ జాయింట్ పెట్టాలి?

మూతను మౌస్‌తో లాగితే ఎటుపడితే అటు వెళ్లిపోతోందని అడిగారు. ఏ బంధమూ లేని భాగానికి 6 రకాల స్వేచ్ఛ ఉంటుంది: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. జాయింట్ చేసే పనల్లా అందులో అక్కర్లేనివాటిని తీసేయడమే.

మీకు కావలసింది రివల్యూట్ అనే జాయింట్. అది 5 కదలికలను ఆపేసి, ఒక అక్షం చుట్టూ తిరగడాన్ని మాత్రం ఉంచుతుంది, మన తలుపు మడతబందులాగే. ముందు మూత, పెట్టె రెండూ ఉత్త బాడీలుగా (ఆకారాలుగా) కాకుండా కాంపొనెంట్లుగా (జాయింట్ పెట్టగల విడి భాగాలుగా) ఉన్నాయా అని చూడండి. కొత్తవాళ్లు చిక్కుకునేది ఎక్కువగా ఇక్కడే. పెట్టెను గ్రౌండ్ చేసి (అంటే కదలకుండా బిగించి), జాయింట్ కమాండ్‌లో మొదట మూత మీది మడతబందు రంధ్రం అంచును, తర్వాత పెట్టె మీది రంధ్రం అంచును నొక్కండి. మొదట ఎంచుకున్న భాగమే కదిలి రెండోదాన్ని చేరుతుంది. వరస తారుమారైతే టెన్షన్ పడకండి, అన్‌డూ చేస్తే సరి. రెండూ ఇప్పటికే సరైన చోట ఉంటే భాగాలను ఉన్నచోటే ఉంచి కలిపే యాజ్-బిల్ట్ జాయింట్ చాలు.

మూత ఎంతవరకు తిరగాలో చెప్పే లిమిట్స్ మాత్రం తప్పకుండా పెట్టండి, ఉదాహరణకు 0 నుంచి 110 డిగ్రీలు. లేదంటే మూత పెట్టె గోడలోంచి దూరిపోతుంది. అదే సొరుగైతే, ఒకే గీతలో ముందుకూ వెనక్కూ జరగనిచ్చే స్లైడర్ జాయింట్ వాడాలి.