జీతం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ: బే ఏరియాలో డబ్బు మిగులుతుందా?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఏడాదికి 1.75 లక్షల డాలర్ల ఉద్యోగం, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1.30 లక్షల డాలర్ల ఉద్యోగం రెండూ చేతిలో పెట్టుకుని, బే ఏరియాలో, అంటే సన్నీవేల్ ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతంలో, వచ్చిందంతా అద్దెకూ పన్నుకూ పోతుందంటున్నారు, పెళ్లి కానివాడికి అక్కడ ఏమైనా మిగులుతుందా అని మీరు అడిగారు. మిగులుతుంది, ఆస్టిన్‌లో కంటే ఎక్కువే మిగులుతుంది. ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఒక్క జీతం మీద సంసారం నడుపుతున్నవాడిగా ఈ మాట అంటున్నాను. ఇక్కడ ఏమీ మిగుల్చుకోలేకపోయినవాళ్లనూ చూశాను గాని, వాళ్లలో చాలామంది డబ్బు తిన్నది ఊరు కాదు.

2024 డిసెంబరు సెలవులకు మా బావమరిది ఫ్రిస్కో నుంచి వచ్చాడు. డాలస్ పక్కన సొంత ఇల్లు, రెండు కార్లు, 1.25 లక్షల జీతం అతనివి. నాకు 1.90 లక్షల జీతం, ఒక పడకగది అద్దె అపార్ట్‌మెంటు, ఒకే కారు. రెండు ఇళ్లలోనూ సంపాదించేది ఒక్కరే. మా ఇంటి ఇరుకు చూసి, ‘ఇంత జీతం తెచ్చుకుని ఇందులో ఎలా ఉంటున్నారు బావా, సగం ప్రభుత్వమే పట్టుకుపోతోందా?’ అని నవ్వాడు. భోజనాలయ్యాక ఇద్దరం ల్యాప్‌టాప్‌లు తెరిచి ఆఖరి పేస్టబ్‌లు (జీతం చీటీలు) పక్కపక్కన పెట్టుకున్నాం. అతని దాంట్లో రాష్ట్ర పన్ను అనే వరసే లేదు. నా దాంట్లో ఆ వరస ఉంది, దాని కింద ఎస్‌డీఐ (జబ్బుచేసి పని చేయలేనప్పటి కోసం రాష్ట్రం నడిపే బీమా) అని ఇంకొకటి ఉంది. ‘అదిగో, దొరికింది’ అని తెర మీద వేలు పెట్టాడు. తీరా చూస్తే ఫెడరల్ ప్రభుత్వం వృద్ధాప్య పింఛను కోసం పట్టుకునే సోషల్ సెక్యూరిటీ వరసలో ఆ నెలకు నా కోత సున్నా, అతనిది మాత్రం యథాప్రకారం పడింది. ఆ ఏడాది 1,68,600 డాలర్ల వరకే ఆ 6.2 శాతం కోత ఉండేది; నా జీతం ఆ గీతను నవంబరులోనే దాటేసింది, అతని జీతం ఏడాది చివరికి కూడా దాటదు. అతనికి అది మహా అన్యాయంగా తోచింది. నిజానికి అన్యాయమే, కాకపోతే దానికి కాలిఫోర్నియాను తిట్టి లాభం లేదు.

ఏడాది మొత్తం కూడితే కాలిఫోర్నియా ఆదాయపు పన్ను, ఎస్‌డీఐ కలిపి నాకు సగటున నెలకు ఎనిమిది వందల డాలర్ల లోపే తేలింది. అందరూ భయపెట్టే 13.3 శాతం పది లక్షల డాలర్లు దాటిన ఆదాయాల మాట, నాబోటివాళ్లకు 9.3 శాతం శ్లాబు తగిలేది ఆఖరి కొద్ది వేల మీదనే. మీరు ఒంటరిగా రిటర్ను వేస్తారు గనుక ఆ శ్లాబు మీకు ఇంకా ముందే మొదలవుతుంది, ఆ మేరకు లెక్కలో కలుపుకోండి. ఎస్‌డీఐ కోత మీద 2024 నుంచి గరిష్ఠ పరిమితి ఎత్తేశారన్నది వాస్తవమే. అయితే బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి కూడా ఎనిమిది వారాల దాకా పాక్షిక జీతం ఇచ్చే సెలవు పథకం ఆ డబ్బుతోనే నడుస్తుంది, కాబట్టి దాన్ని పూర్తిగా దండగ కింద రాయడానికి నేను ఒప్పుకోను.

అప్పుడు అతని ఇంటి లెక్క తీయమన్నాను. ఆదాయపు పన్ను లేని టెక్సస్‌లో బడులకూ కౌంటీలకూ డబ్బు ప్రధానంగా ఇంటి పన్ను నుంచే రావాలి. సొంత నివాసానికి పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతం దాకా పెరగవచ్చు. అతనికి ఎస్క్రోలో, అంటే ఇంటి పన్ను, బీమా కోసం నెల కిస్తీతో పాటు బ్యాంకు పట్టుకునే ఖాతాలో, కొరత పడిందని బ్యాంకు ఉత్తరం రాసి, నెల కిస్తీ పెంచేసింది. ఆ ఉత్తరం గుర్తుకు రాగానే మనిషి మెత్తబడ్డాడు. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపొజిషన్ 13 అనే చట్టం మూలంగా మూల పన్ను కొన్న విలువలో ఒక శాతం, ఆ విలువ పెరుగుదల ఏడాదికి రెండు శాతం మించదు. అందుకే మా వీధిలో ఎప్పుడో కొనుక్కున్న పెద్దాయన కట్టేదానికి, పక్కనే నిరుడు కొన్నవాళ్లు అనేక రెట్లు కడుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్ల నెత్తిన పాతవాళ్ల భారం వేసే ఆ చట్టం మీద నాకున్న కోపం వేరే ప్రశ్న కింద రాయాల్సినంత ఉంది.

చివరికి 401కె (రిటైర్మెంటు కోసం జీతంలోంచి దాచుకునే) పొదుపు, ఆరోగ్య బీమా పోగా నా చేతికి నెలకు దాదాపు పది వేలు, అతని చేతికి ఏడు వేల ఏడు వందలు. నేను 401కెలో ఆ ఏటి గరిష్ఠ పరిమితి 23,000 మొత్తం కట్టిన తర్వాతి పది వేలు అది. అతను కంపెనీ తన వంతు జత కలిపే ఆరు శాతం దగ్గరే ఆగిపోయాడు. అతను కూడా నాలాగా చిన్న అపార్ట్‌మెంటులో ఉంటే నాకంటే అద్దె వెయ్యి, పన్నెండు వందలు తగ్గేది. ఆ తేడా తీసేసినా ప్రతి నెలా నాకే ఎక్కువ మిగులుతుంది. ‘ఇల్లు ఆస్తి కదా బావా’ అన్నాడు. కావచ్చు, కాని తొలి ఏళ్ల కిస్తీలో పెద్ద వాటా వడ్డీయేనని అతనికీ తెలుసు.

జీవన వ్యయ సూచికలు పట్టుకుని వాదించేవాళ్లు మరచిపోయేది ఒకటుంది. ఊరిని బట్టి బాగా మారేది అద్దె, పిల్లల డేకేర్, కొంతవరకు సేవల ధర. ఫోను, ల్యాప్‌టాప్, ఇండియాకు విమాన టికెట్టు, తల్లిదండ్రులకు పంపే సొమ్ము, కొనుక్కునే ఇండెక్స్ ఫండు యూనిట్లు సన్నీవేల్‌లో ఉన్నా ఆస్టిన్‌లో ఉన్నా దాదాపు ఒకే ధర. 401కె పరిమితి కూడా దేశమంతటా ఒకటే. జీతంలో పాతిక శాతం మిగిల్చానని చెప్పుకుంటే ముచ్చటగానే ఉంటుంది గాని, ఇంటికి పంపేదీ పెట్టుబడి పెట్టేదీ డాలర్లనే.

స్టాకును జీతంలో కలిపి చెప్పుకునే అలవాటు మాత్రం నాకు బొత్తిగా గిట్టదు. ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ విడతలవారీగా ఇచ్చే షేర్లు, చేతికి వచ్చినప్పుడు సాధారణంగా ఫెడరల్ పన్ను కింద 22 శాతమే పట్టుకుంటారు. మీరు అంతకంటే పై శ్లాబులో ఉంటే మిగతాది ఏప్రిల్‌లో కట్టాలి. స్టాకు మంచి ధరలో ఉన్నప్పుడు వచ్చిన మొత్తాన్ని శాశ్వతమనుకుని దానికి తగ్గ అద్దె ఇంట్లోకి మారినవాళ్లే, ధర పడిపోయాక ‘ఈ ఊళ్లో బతకలేం’ అని రాస్తుంటారు. మీ 1.75 లక్షల్లో నగదు ఎంతో ముందు తేల్చుకోండి. అందులో స్టాకే నలభై వేలుంటే నేను రాసినదంతా మారిపోతుంది.

మిగులు లెక్కలో ఎవరూ వేయని పద్దు ఉద్యోగం పోవడం. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయకుండా అదే కారులో వెళ్లగలిగేంత దూరంలో ఇన్ని కంపెనీలు ఉండటం నా దృష్టిలో జీతంతో సమానం. పైగా పాత యజమాని పోటీ సంస్థకు పోవద్దని రాయించుకునే ఒప్పందాలు కాలిఫోర్నియాలో చెల్లవు. నా జీతం పెరిగింది కంపెనీ మారినప్పుడే తప్ప, మా మేనేజరు వేసిన ఏటేటి ఇంక్రిమెంట్లతో కాదు.

ఇద్దరు పిల్లలు డేకేర్‌కు వెళ్లే వయసులో ఉండి, నాలుగు గదుల సొంత ఇల్లు తప్పనిసరి అనుకునే కుటుంబానికి నేను ఈ సలహా ఇవ్వను. వాళ్లు టెక్సస్ వెళ్లడమే మంచిది. మీరు అలా కాదు గనుక సన్నీవేల్ ఉద్యోగం తీసుకోండి. మొదటి రెండేళ్లు ఇంకొకరితో కలిసి రెండు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకుంటే, సగం వాటా ఆస్టిన్‌లో ఒంటరిగా ఉండే అపార్ట్‌మెంటుకు దగ్గరగానే వస్తుంది. 2024 జులై నుంచి కాలిఫోర్నియాలో చాలామంది ఇంటి యజమానులు ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, అడిగితే కట్టకండి. చేరినందుకు సైన్-ఆన్ బోనస్ ఇస్తామంటే, మధ్యలో మానేసినప్పుడు ఎంత వెనక్కి కట్టాలో కాగితం మీద చూసుకున్నాకే సంతకం చేయండి. ఆస్టిన్‌లో అక్కయ్యో అన్నయ్యో ఉన్నారేమో మీ ప్రశ్నలో లేదు. ఉంటే ఈ లెక్కంతా పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి.