క్రీట్ ఆలివ్ నూనె గొంతులో మండుతోంది, పాడైందా?

పాడవలేదండీ, టెన్షన్ పడకండి. గ్రీస్‌లోని క్రీట్ ద్వీపం నుంచి తెచ్చిన 5 లీటర్ల డబ్బాలో ఆలివ్ నూనె గొంతులో మండుతోందని, అడుగున మడ్డి ఉందని, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టిందని రాశారు. మూడూ వేర్వేరు సంగతులు.

మంట మంచిదే. అక్కడ ఎక్కువగా పండేది కొరొనేకి అనే ఆలివ్ రకం. కాయ మన ఉసిరి కంటే చాలా చిన్నది, కానీ ఘాటు ఎక్కువ. ఆ చురుకు ఒలియోకాంతాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఇబుప్రోఫెన్ మందు గొంతులో చురుక్కుమనిపించేది కూడా ఇలాగేనని 2005లో పరిశోధకులు చెప్పారు. చాలామంది దీన్ని ఆమ్లత అనుకుంటారు, కాదు. ఎక్స్‌ట్రా వర్జిన్ అనే మేలు రకం ఆలివ్ నూనెలో ఆమ్లత 0.8 శాతం మించకూడదు, అది నాలుకకి తెలియదు.

గడ్డకట్టడాన్ని బట్టి అసలో నకిలీయో తేల్చలేం. ఆ ఫ్రిజ్ పరీక్షని నమ్మకండి. బయట పెడితే మళ్లీ కరుగుతుంది.

అసలు చూడాల్సింది మడ్డి. వడకట్టని నూనెలో కాయ గుజ్జు, నీటి చుక్కలు అడుగున చేరి పులుస్తాయి, అప్పుడు నూనెకి చెడు వాసన పడుతుంది. డబ్బా రెండు రోజులు కదపకుండా ఉంచి, పై తేట నూనెని పొడిగా ఉన్న ముదురు రంగు గాజు సీసాల్లోకి నిండుగా వంపేయండి. మడ్డి పారేయండి. పొయ్యి పక్కన మాత్రం పెట్టొద్దు, మన ఎండాకాలంలో అసలే వద్దు.

పాత వేరుశనగ పప్పులా ముక్క వాసన వస్తే అప్పుడు పాడైనట్టు. ఆవకాయకి వాడొచ్చా అని కూడా అడిగారు. నన్నడిగితే దానికి నువ్వుల నూనే!