4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: 2³²కు ఒకటి కలిపితే వచ్చే 4,29,49,67,297 ప్రధాన సంఖ్య అని గణిత శాస్త్రవేత్త ఫెర్మా భావించినట్లు చదివాను. అది నిజమేనా?

జవాబు: ఫెర్మా అలా భావించిన మాట నిజమే కాని, అది 641, 67,00,417 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమని 1732లో మరో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కనుగొన్నారు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలి కనుక, 193, 257, 449, 577లను పరీక్షించి దాటగానే 641 ఎదురవుతుంది.

భాగహారం చేయకుండానే దీన్ని నిరూపించే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. 641 అంటే 5×128+1. అదే 641 అంటే 625+16 కూడా. మొదటి రూపాన్ని బట్టి 5×128ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు కనుక, దాని నాలుగో ఘాతమైన 625×2²⁸కు శేషం 1 వస్తుంది. రెండో రూపాన్ని బట్టి 625కు బదులు −16 ఉంచితే −2³²కు శేషం 1 అవుతుంది. అంటే 2³²+1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది.